చూరుకు రాని బద్దలు

వరంగల్,
10 జులై 2011, ఆదివారం

మామా,

భాగ్య రాస్తున్నాను. ఈ నర్సింగ్ హాస్టల్లో సెల్‌ఫోన్లన్నీ వార్డెన్ బీరువాలో ఉంటాయి. నీ చెవులకు ఫోన్‌లో మాట ఎలాగూ అందదు. అందుకని ఉత్తరమే. తారాబాయి టీచర్ చదివి వినిపిస్తుందని తెలుసు. టీచర్, అంగన్‌వాడీ పిల్లలు పడుకున్నాక చదవండి. మామ మధ్యలో అడ్డం వస్తాడు, ఆగకండి.

డాక్టర్ లలిత్ గారి పుస్తకం నాకూ వచ్చింది. అట్ట మీద నువ్వు చూరు కింద నిలబడి ఉన్నావు. తలపాగా ఒక పక్కకు జారింది, ఎవరూ చెప్పలేదేమో. లోపల పెద్ద అక్షరాలతో ‘మహేశ్వరం కట్టు: నూట ఇరవై మందిలో నూట పదిహేను మందికి నయం’ అని వేశారు. చివరి పేజీలో ‘వివరాల సేకరణ: కె. భాగ్యలక్ష్మి’ అని ఉంది. ఓటర్ల జాబితాలో తప్ప మన ఇంట్లో ఎవరి పేరూ అచ్చులో పడలేదు. నేను ఆ పేజీని రెండుసార్లు చూసి మూసేశాను.

ఎండాకాలం సెలవుల్లో నీ గడపలో కూర్చుని చేసిన పని ఇంత దూరం పోతుందనుకోలేదు. ఎముక కలిసినవాళ్ళు తమ వెదురు బద్దలు తెచ్చి నీ చూరుకు కట్టిపోతారు కదా. ఏ జత ఎవరిదో నువ్వు చెబుతుంటే నేను పేర్లు రాసుకుని, ఊరూరా పోయి అడిగాను: ఎముక కలిసిందా, పనికి పోతున్నారా, మూడో రోజుకు నొప్పి ఎలా ఉంది. నొప్పికి మూడు గడులు. ఉంది, తగ్గింది, లేదు. స్కేలు పెట్టి ఆ గడులు గీసింది నేనే. డాక్టర్ గారు ‘ఎంత శుభ్రంగా గీశావమ్మా’ అన్నారు.

శంషాబాద్ ఎయిర్‌పోర్టు సరుకు గోదాముల కాంట్రాక్టర్ ఈ పుస్తకం చూసి, దెబ్బ తగిలిన హమాలీలను ఇకనుంచి నీ దగ్గరికే పంపుతాడని వీరేందర్ అన్న చెప్పాడు. అన్న కూడా అక్కడే బరువులు ఎత్తుతాడు కాబట్టి జాగ్రత్త అని చెప్పు. నేను చెబితే నవ్వుతాడు.

వచ్చే నెల మా క్లాసులో ఒక్కొక్కరం ఒక వైద్య పరిశోధన తెచ్చి దాని మంచిచెడ్డలు చెప్పాలి. నేను నీ పుస్తకం పట్టుకుపోతున్నాను.

నీ మేనకోడలు,
భాగ్య

*

మహేశ్వరం,
24 జులై 2011

బిడ్డా,

నేను చెప్పినది చెప్పినట్టు రాయమని తారాబాయి టీచరమ్మకు ఒట్టు పెట్టిచ్చిన. జర అటూ ఇటూ అయితే ఆమెదే తప్పు.

నీ ఉత్తరం ఇన్నం. తలపాగ సంగతి మీ అత్త అనంతమ్మ ఆ దినమే చెప్పింది, నేనే ఇనలే. ఇగ ఇప్పుడు ఊరంత చెప్పుకుంట తిరుగుతుంది.

గోదాముల బండి వస్తుంది బిడ్డా, వారానికి రెండు మూడు మాట్లు. ఒకనికి ఏలు నలుగుతది, ఒకనికి మణికట్టు జరుగుతది. ఇదివరకు వాండ్లను అత్తాపూర్ దిక్కు దవాఖానకు తీస్కపోయేటోళ్లంట. ఇప్పుడు సూపర్‌వైజర్ పుస్తకం చేతుల పట్టుకొని ‘బుచ్చయ్య తాత, నూట పదిహేను అంటున్నరు, ఈణ్ణి నూట పదహారు చెయ్యి’ అంటడు. నాకు నవ్వొచ్చింది. మా నాయిన దగ్గర నేర్సుకున్న పని. మా నాయిన ఎన్నడు లెక్కవెట్టలే.

లలిత్ సారు మల్ల వచ్చిండు. ఆంధ్ర దిక్కు మనిషైనా మనసు మంచిది, గడప మీద కూసుండి చాయ తాగిండు. ఇంకో పుస్తకం ఏస్తడంట, దాంట్ల అందరు హమాలీలే ఉంటరంట. నువ్వే మల్ల రాయాల్నంట.

మీ క్లాసుల మంచిగ చెప్పు. మా మామ అని చెప్పు.

బుచ్చయ్య
(చేతిరాత తారాబాయిది)

*

వరంగల్,
14 ఆగస్టు 2011

మామా,

క్లాసు అయిపోయింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మా మేడమ్ పుస్తకం ఆసాంతం చదువుకుని వచ్చింది. ‘ఈ నూట ఇరవై మంది ఎక్కడ దొరికారు నీకు?’ అని అడిగింది. ‘చూరు కింద మేడమ్’ అన్నాను. అందరూ నవ్వారు. నేను బద్దల ఆచారం చెప్పాను. ఆమె నవ్వలేదు. ‘బాగైనవాళ్ళే బద్దలు తెచ్చి కడతారంటున్నావు. ఆ బద్దలు పట్టుకుని పోతే బాగైనవాళ్ళు కాక ఇంకెవరు దొరుకుతారు? చూరు దాకా రానివాళ్ళు ఎందరు?’ అని అడిగింది.

నాకు తెలియదన్నాను.

‘వీటిలో విరిగినవెన్ని, బెణికినవెన్ని? ఎక్స్‌రే ఫిల్ము తీశారా?’ తీయలేదన్నాను. బెణికింది కట్టు లేకపోయినా తగ్గుతుంది. ఆ మాట నాకూ తెలుసు, మొదటి సంవత్సరంలోనే చెప్పారు.

తర్వాత నా మూడు గడుల మీద వేలు పెట్టింది. ‘నొప్పి లేదంటే నయమైనట్టేనా? కట్టు బిగిసి రక్తం ఆడకపోతే చెయ్యి మొద్దుబారుతుంది. మొద్దుబారిన చేతికీ నొప్పి ఉండదు. నీ కాగితంలో ఆ ఇద్దరికీ ఒకటే గడి.’

నేను కూర్చున్నాను. ఏడుస్తాననుకున్నాను గాని ఏడుపు రాలేదు. పక్క అమ్మాయి తన పరిశోధన చదువుతుంటే రాసుకుంటూ పోయాను.

మామా, తప్పు నీ కట్టుది అనడం లేదు. తప్పు నా లెక్కది. ఒక్క సాయం చెయ్యి. కట్టు పడ్డ ప్రతిసారీ అత్త గోడ మీద ఎర్రటి జాజు బొట్టు పెడుతుంది కదా, దసరా నాడు అన్ని జమ్మి ఆకులు పోచమ్మ ముందు పెట్టడానికి. పోయిన దసరా నుంచి బొట్లెన్ని, అదే ఏడాదిలో చూరుకు వచ్చిన జతలెన్ని? టీచర్‌తో లెక్కపెట్టించు. అప్పటిదాకా కట్టు కట్టిన ప్రతివాడి వేలిగోరూ నొక్కి చూడు. వదిలిన వెంటనే ఎరుపు తిరిగి రావాలి. రాకపోతే కట్టు విప్పి పెద్ద దవాఖానకు పంపించు.

లలిత్ గారికి కూడా రాశాను.

భాగ్య

*

మహేశ్వరం,
4 సెప్టెంబర్ 2011

భాగ్యలక్ష్మికి,

నీ ఉత్తరం మీ అత్త ముంగట, ఇద్దరు పేషెంట్ల ముంగట చదివిచ్చుకున్న. మంచిగ చదివిచ్చుకున్న.

క్లాసుల నిలవడి మీ మామ దొంగ అని చెప్పి వచ్చినవా? అరవై మంది పిల్లలు నవ్విన్రా? నువ్వు ఆరేండ్ల పిల్లవు ఉన్నప్పుడు చింతచెట్టు మీదికెళ్లి పడితే మోచెయ్యి ఎనకకు తిరిగిపాయె. మీ బాపు లారీ మీద పోయిండు, ఇంట్ల లేడు. నా ఒళ్లె పండవెట్టుకొని కట్టిన. ఇరవై దినాలు నా చేతితోని బువ్వ తినవెట్టిన. ఆ చేతితోనే గదా నువ్వు ఉత్తరం రాస్తున్నవు?

బొట్లు లెక్కవెట్ట. మీ అత్త పోచమ్మ కోసం పెట్టుకున్నది, మీ మేడమ్ కోసం పెట్టలే. బద్దలు తేనోళ్లు అంటవా, మరిచిపోతరు. పొయిల పెడ్తరు. పని దొరికి పట్నం పోతరు. మనిషి బాగైతే మామను యాది చేస్తడా?

గోర్లు నొక్కుడు నాకు నువ్వు నేర్పుతవా?

లలిత్ సారుకు రాసినవంట. ఆయన టీచరమ్మకు ఫోన్ చేసి ‘పిల్ల జర తొందరపడ్డది, పర్వాలేదు’ అన్నడు. ఆయన ముంగట నా తల కొట్టేసినట్టయింది.

బుచ్చయ్య

(భాగ్యా, నేను తారాబాయిని. ఇది ఆయనకు వినిపించను. కోపంలో ఉన్నాడు, తగ్గుతుంది. నువ్వు ఆయన్ను దొంగ అనలేదని నేను రెండుసార్లు చదివి చూపించాను. వినలేదు.)

*

వరంగల్,
18 సెప్టెంబర్ 2011

మామా,

నేను ఆ మాట అనలేదు. నువ్వు కట్టిన చేత్తోనే రాస్తున్నానన్నది నిజం. ఈ చెయ్యి చూరుకు వచ్చిన బద్దల్లో ఒకటి. రాని చేతుల గురించి ఆ లెక్క ఏమీ చెప్పదు. అంతకంటే నాకు చెప్పడం రావడం లేదు.

అత్తా, ఇది నీకు. దసరాకు గోడకు సున్నం కొడతారు, బొట్లు పోతాయి. పోచమ్మ ఆకుల కోసమైనా ముందే లెక్క తీసిపెట్టు.

తెలంగాణ సమ్మె వల్ల రేపటినుంచి బస్సులు నడవవంటున్నారు. ఈ ఉత్తరం ఎప్పుడు చేరుతుందో తెలియదు. పరీక్షలు వచ్చే నెల పదో తారీకు దాకా. తిండి బాగుంది.

భాగ్య

*

మహేశ్వరం,
29 సెప్టెంబర్ 2011

బిడ్డా,

కోపం పోయింది. ఎందుకు పోయిందో చెప్త ఇను.

మొన్న మంగళారం గోదాముల డబ్బాలు కూలి మన వీరేందర్ కుడి ముంజెయ్యి మీద పడ్డయి. పరేషాన్ కాకు. నీకు పరీక్షలని మీ అమ్మ చంద్రమ్మ చెప్పొద్దన్నది, అయినా నేను చెప్పకుంట ఎట్లుంట? బండి ఏసుకొని నా దగ్గరికే వచ్చిన్రు. చెయ్యి గుమ్మడికాయ లెక్క ఉబ్బింది, నల్లగయింది. మా అక్క కొడుకాయె, కట్టు ఇంకింత గట్టిగ, నాలుగు బద్దలు పెట్టి కట్టిన. మొదటి దినం రాత్రంత ఒర్లిండు. రెండో దినం సుత. ఇయ్యాల మూడో దినం పొద్దుగాల్ల పోయి అడిగిన: ‘ఎట్లుందిరా?’ ‘నొప్పి లేదు మామా. అసలు చెయ్యే లేనట్టుంది’ అన్నడు. నవ్విండు సుత. చాయ తాగిండు.

రాసుకో. మూడో దినానికి నొప్పి లేదు. మీ మేడమ్‌కు చూపెట్టు. నేను మందికే కాదు, ఇంటోనికి సుత అదే కట్టు కట్టిన.

దసరకు గోడకు సున్నం కొట్టిచ్చిన. నువ్వేమన్న అనుకుంటవేమో, పండుగని కొట్టిచ్చిన, ఇంకేం లేదు.

సెలవులకు రా. నీ మీద నాకేం లేదు.

మీ మామ

(భాగ్యా, తారాబాయిని. మీ అన్నను చూశాను, ముఖం తేటగా ఉంది. వేళ్ళు ముట్టుకుంటే చల్లగా ఉన్నాయి, జ్వరం లేదు, మంచిదేగా అనుకున్నాం. నువ్వు నిశ్చింతగా పరీక్షలు రాయి.)

*

వరంగల్ స్టేషన్,
8 అక్టోబర్ 2011

మామా,

నీ ఉత్తరం పది రోజులు పట్టి ఈ పొద్దున వచ్చింది. నిలబడి చదివాను. మేడమ్ ఫోన్ తీసుకుని అన్నకు చేశాను. ఎడమ చేత్తో ఎత్తాడట.

‘వేలిగోరు నొక్కు’ అన్నాను.

‘నొక్కిన.’

‘రంగు ఏముంది?’

‘తెల్లగ.’

‘వదిలేశావా?’

‘ఎప్పుడో ఇడిచిన చెల్లె. గట్లనే ఉంది.’

కట్టు విప్పి ఆటోలో పెద్ద దవాఖానకు పొమ్మన్నాను. ‘మామ ఏమనుకుంటడు?’ అన్నాడు. నేనేం చెప్పానో గుర్తు లేదు. మేడమ్ ఫోన్ తీసుకుని ఆమే చెప్పింది.

ఒంటిగంట బండి రాలేదు. బెంచీ మీద ఒక ముసలాయన పల్లీలు తింటూ నాకూ కొన్ని పెట్టాడు, తిన్నాను. ఈ ఉత్తరం నాకంటే వెనకే చేరుతుంది. చేతులు ఖాళీగా పెట్టుకుని కూర్చోలేక రాస్తున్నాను. నా మీద నీకేం లేదని రాశావు. నీ మీద నాకు కూడా ఏం లేదు. అసలు ఏదీ లేదు ఇప్పుడు.

భాగ్య

*

మహేశ్వరం,
20 నవంబర్ 2011

బిడ్డా,

నువ్వున్న ఆరు దినాలు దవాఖాన వరండల మనిద్దరం ఒక్క బల్ల మీదనే కూసున్నం. ఎదురుంగ ఉంటే నాకు నోరు రాలే. టీచరమ్మ రాస్తుంటే వస్తుంది.

వీరేందర్ ఇంటికి వచ్చిండు. నీకెరుకే, మోచేతి కిందికెళ్లి కోసి, చచ్చిన కండ తీసేసిన్రు. చెయ్యి ఉంది. ఏళ్లు లోపటికి ముడుసుకున్నయి, తెరుసుకోవు. మొన్న చాయ గిలాస ఆ చేతికి ఆనిచ్చుకొని కూసున్నడు. తోలు కాలి బొబ్బ లేసినంక మీ అమ్మ చూసింది. ఆనికి తెల్వలే.

బొట్ల ముచ్చట. సున్నం కొట్టకముందే మీ అత్త లెక్కవెట్టింది, ఆమెకు నువ్వు రాసింది చేరకముందే. పోచమ్మ ఆకుల కోసం. నాకు చెప్పలే, నేను అడగలే. తొంభై మూడు బొట్లు. ఆ ఏడాది చూరుకు వచ్చిన జతలు యాభై ఎనిమిది.

ముప్పై ఐదు మంది, బిడ్డా. నెల దినాలు తిరిగిన. కొందరి ఊరు యాదికి ఉంది, కొందరి పేరు ఉంది. ఇరవై ఆరు మంది దొరికిన్రు. పదిహేను మంది మంచిగున్నరు. నేను చెప్పలే? బద్దలు పొయిల పెట్టిన్రు, ఒకామె బీరకాయ తీగ ఎక్కిచ్చింది. ఐదుగురు నా కట్టు ఇప్పేసి దవాఖానకు పోయిన్రంట, ‘నీకు చెప్తే బాధపడ్తవని చెప్పలే తాతా’ అన్నరు. ఆరుగురి చేతులు కాళ్లు ఖరాబైనయి. మల్లేశ్వర్ అని బావులు తవ్వెటోడు, ఆనికి మణికట్టు కాడికి చెయ్యే లేదు. నన్ను జూసి లేసి నిలవడ్డడు. కుర్సీ ఏసిండు. ‘నా నసీబు తాతా, నువ్వేం చేస్తవు’ అన్నడు. గా మాట అనకుంటే బాగుండు.

యాభై ఏండ్ల పని. గోడకు ఏటేట సున్నం కొట్టిన.

నిన్న వీరేందర్ తన నాలుగు బద్దలు ఎడమ చేతుల పట్టుకొని వచ్చిండు. ‘మామా, ఏడ కట్టాలె?’ అన్నడు. అరుగు మీద పెట్టిన. ఆడనే ఉన్నయి. నువ్వే చెప్పు.

బుచ్చయ్య

*

వరంగల్,
11 డిసెంబర్ 2011

మామా,

నీ ముప్పై ఐదు మందిని ఒక కాగితం మీద రాసి మేడమ్‌కు చూపించాను. ‘ఈ పని చేసినాయన చదువుకోలేదన్నావు కదా’ అంది. ఆ కాగితం తన దగ్గరే పెట్టుకుంది.

లలిత్ గారు నాకు జాబు రాశారు. మర్యాదగానే రాశారు. ఆరుగురి సంగతి బాధాకరమే, అయితే వాళ్ళు పరిశోధనలో నమోదైన వ్యక్తులు కారు కాబట్టి ఫలితం మారదు అన్నారు. రెండో పుస్తకానికి హమాలీల వివరాలు నేను గీసిన పాత కాగితం మీదనే తీసుకుంటున్నారట. జాబితా కూడా జతచేశారు. పదిహేడో వరుసలో కె. వీరేందర్, ముంజేయి. మూడో రోజు నొప్పి: లేదు. ఫలితం: నయం.

నా గడిలోనే టిక్కు ఉంది. స్కేలు పెట్టి గీసిన గీత, ఎక్కడా వంకర లేదు. నా పేరు తీసేయమని రాశాను. కట్టు తర్వాత చెయ్యి పోయినవాళ్ళను కలపనిదే ఆ పుస్తకం వేయడం తప్పని కూడా రాశాను. కాంట్రాక్టర్‌కు ఒక నకలు పంపాను. ఏం జరుగుతుందో తెలియదు. నేనింకా మూడో సంవత్సరం పిల్లనే.

నువ్వు అడిగినదానికి. అన్న బద్దలు ముందు వైపు చూరుకు కట్టవద్దు. పారేయవద్దు. పడమటి వైపు చూరు ఖాళీగా ఉంది కదా, అక్కడ కట్టు. మల్లేశ్వర్‌కు, మిగతా ఐదుగురికి కూడా కొత్త వెదురు చీల్చి కట్టు. నీ దగ్గరికి వచ్చినవాళ్ళు లోపలికి రాకముందు రెండు చూర్లూ చూడాలి.

కట్టడం మానెయ్యమని నేను అడగను. అడిగే ధైర్యం లేదు, అది సరైనదో కాదో కూడా తెలియదు. గోరు మాత్రం నొక్కు.

భాగ్య

*

శంషాబాద్,
25 డిసెంబర్ 2011

చెల్లె,

ఎడమ చేతితోని రాస్తున్న. రెండో తరగతిల ఇడిచిపెట్టిన అచ్చరాలు తారాబాయి టీచర్ మల్ల దిద్దిచ్చింది. గిది మూడో కాగితం. రెండు చింపిన.

మామ పడమటి చూరుకు ఏడు కట్టిండు. నాది మొదటిది. మొన్న గోదాముల బండి వచ్చింది. నలిగిన చెయ్యి. మామ గోరు నొక్కిండు. మల్ల నొక్కిండు. ఎరుపు రాలే. గడప దాటనియ్యలే. సూపర్‌వైజర్ ‘ఈడికే తేవాల్నని కాంట్రాక్టర్ కాగితం ఉంది తాతా’ అన్నడు. మామ ఆణ్ణి చెయ్యి పట్టుకొని పడమటి దిక్కు తీస్కపోయిండు. బండి దవాఖానకు పోయింది.

లలిత్ సారు మనిషి నా రూముకు వచ్చిండు. నీ కాగితం తెచ్చిండు, మల్లొక్కసారి అడిగి రాయాల్నంట. ‘నొప్పి ఉందా?’ అన్నడు. లేదన్న. టిక్కు పెట్టబోయిండు. ఆగు అన్న. సూది తెమ్మని అమ్మకు చెప్పిన. ‘గుచ్చు’ అన్న. ఆయన గుచ్చలే. నేనే గుచ్చుకున్న, కుడి ఏలు నిండ. చూస్తున్నడు. రగతం సుత రాలే చానసేపు.

‘నొప్పి లేదు. ఇప్పుడు రాయి’ అన్న.

పెన్ను ఎత్తిండు. మూడు గడులు చూసిండు. ఉంది, తగ్గింది, లేదు. నా దిక్కు చూసిండు.

పెన్ను గుంజుకున్న. మూడు గడుల పక్కకు నాలుగోది గీసిన.

వంకర వచ్చింది చెల్లె. స్కేలు లేకుండె.

వీరేందర్